ప్లూటో, నెప్ట్యూన్ ఎందుకు గుద్దుకోవు: కక్ష్యల అనునాదాన్ని ఇంట్లో కూర్చుని లెక్కగట్టే పద్ధతి

1979 ఫిబ్రవరి 7 నుంచి 1999 ఫిబ్రవరి 11 వరకు ప్లూటో కంటే నెప్ట్యూనే సూర్యుడికి దూరంగా ఉంది. ఆ ఇరవై ఏళ్లూ బడిలో పిల్లలం "చివరి గ్రహం ప్లూటో" అనే బట్టీ పట్టాం. ప్లూటో కక్ష్య బాగా సాగి ఉంటుంది కాబట్టి ప్రతి చుట్టులోనూ కొన్నేళ్లు అది నెప్ట్యూన్ దారి కంటే లోపలికి వస్తుంది. పైనుంచి చూస్తే రెండు దారులూ ఒకదాన్నొకటి దాటుతున్నట్టే ఉంటాయి. మరి ఇన్ని వందల కోట్ల ఏళ్లలో ఒక్కసారైనా గుద్దుకోలేదేం?

నెప్ట్యూన్ సూర్యుడి చుట్టూ 3 సార్లు తిరిగేసరికి ప్లూటో 2 సార్లు తిరుగుతుంది, అందుకే గుద్దుకోవు అని చాలాచోట్ల రాసి వదిలేస్తారు. నాకు ఆ జవాబు ఎప్పుడూ సరిపోలేదు. రెండు కాలాల నిష్పత్తి దగ్గర దగ్గరగా రావడం యాదృచ్ఛికం కూడా కావచ్చు. అనునాదం (ఒకదాని లాగుడు రెండోదాని చుట్లను తనతో లయగా కట్టిపడేయడం) ఉందా లేదా తేల్చేది నిష్పత్తి కాదు, ఒక కోణం. ఆ కోణం ఊయలలా ఊగుతుంటే అనునాదం ఉన్నట్టు, గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతుంటే లేనట్టు. ఆ తేడాను మీ కళ్లతో మీరే చూసుకునే దారి ఇది. ఇంటర్ లెక్కలు వస్తే చాలు.

కావలసినవి

ఒక మామూలు ల్యాప్‌టాప్, అందులో పైథాన్. దాని మీద నడిచే రీబౌండ్ అనే ఉచిత ప్యాకేజీ వేసుకోండి. గ్రహాల కదలికల్ని లెక్కగట్టడానికి పరిశోధకులు వాడేది ఇదే. కక్ష్యల వివరాల కోసం నాసా జేపీఎల్ వాళ్ల చిన్న వస్తువుల డేటాబేస్, హొరైజన్స్ సర్వీస్ ఉన్నాయి. రెండూ ఉచితం. ఇవి కాక ఒక నోటు పుస్తకం, కాలిక్యులేటర్. సగం పని వాటితోనే అయిపోతుంది.

1. వస్తువును ఎంచుకోవడం

మొదటి ప్రయత్నం ప్లూటోతోనే చేయండి, ఫలితం ముందే తెలుసు కాబట్టి మీ పద్ధతిలో తప్పుంటే వెంటనే దొరుకుతుంది. తర్వాత ఆర్కస్, ఆ తర్వాత క్వావార్ తీసుకోండి. ఈ మూడూ కైపర్ బెల్ట్‌లోవే. అంటే నెప్ట్యూన్‌కు అవతల మంచు, రాయి కలిసిన వస్తువులు తిరిగే పట్టీ. ప్లూటోను 1930లో కనుక్కున్నా, అక్కడ ఒక గుంపు ఉందని నమ్మకంగా తెలిసింది 1992 ఆగస్టులో డేవిడ్ జ్యూయిట్, జేన్ లూ హవాయిలోని మౌనా కియా నుంచి ఒక చిన్న వస్తువును పట్టుకున్నాకే.

కొత్తగా దొరికిన, ఒక్క సీజన్ మాత్రమే చూసిన వస్తువుల జోలికి ఇప్పుడే పోవద్దు. వాటి సగటు దూరంలోనే పెద్ద అనిశ్చితి ఉంటుంది, అనునాదం తేల్చేంత పదును ఆ సంఖ్యల్లో ఉండదు. పేరుకు ముందు శాశ్వత నంబరు వచ్చిందంటే కక్ష్య గట్టిగా తెలిసినట్టు లెక్క.

2. దూరం నుంచి నిష్పత్తి

కెప్లర్ మూడో నియమం గుర్తుందా? కాలం వర్గం, దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. నెప్ట్యూన్ సగటు దూరం 30.07 ఖగోళ యూనిట్లు (భూమికి, సూర్యుడికి మధ్య దూరం 1 యూనిట్). కాలాల నిష్పత్తిని మూడింట రెండో ఘాతానికి పెంచి 30.07తో గుణిస్తే ఆ అనునాదం ఎక్కడ ఉండాలో వస్తుంది.

3:2కు 39.4 యూనిట్లు. 5:3కు 42.3. 7:4కు 43.7. 2:1కు 47.7. 5:2కు 55.4.

ఈ అంకెల్ని నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. డేటాబేస్‌లో ఏ వస్తువును చూసినా ముందు దాని సగటు దూరాన్ని వీటితో పోల్చడమే. ప్లూటో 39.48, ఆర్కస్ 39 దాటి కొద్దిగా. రెండూ 3:2కు అభ్యర్థులే. 3:2లో ఉన్న వాటిని ప్లూటినోలు అంటారు. ఇక్సియన్, హుయా కూడా ఆ బాపతే.

ఒక జాగ్రత్త. డేటాబేస్‌లో కనిపించే దూరం సాధారణంగా సూర్యుడిని కేంద్రంగా పెట్టి లెక్కవేసింది. కానీ గురుగ్రహం లాగుడుకు సూర్యుడే దాదాపు 12 ఏళ్లకోసారి చిన్న చుట్టు తిరుగుతుంటాడు. దాంతో ఎక్కడో దూరాన ఉన్న వస్తువు కక్ష్య కూడా ఊరికే పెరిగి తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని మొత్తం సౌరకుటుంబపు ద్రవ్యరాశి కేంద్రం నుంచి కొలిచిన విలువలే తీసుకోండి. హొరైజన్స్‌లో ఆ ఎంపిక ఉంది.

3. కోణం కట్టడం

అసలు పని ఇదే, తొందరపడకుండా చదవండి.

మనకు మూడు కోణాలు కావాలి. ప్లూటో సగటు రేఖాంశం, నెప్ట్యూన్ సగటు రేఖాంశం, ప్లూటో పరిహేళి రేఖాంశం. సగటు రేఖాంశం అంటే వస్తువు ఒకే వేగంతో నడుస్తోందనుకుంటే ఈ క్షణాన ఏ డిగ్రీ దగ్గర ఉండాలో అది. పరిహేళి రేఖాంశం అంటే సూర్యుడికి అతి దగ్గరయ్యే చోటు ఏ దిక్కున ఉందో అది. 3:2కు అనునాద కోణం ఇలా ఉంటుంది:

3 × (ప్లూటో సగటు రేఖాంశం) − 2 × (నెప్ట్యూన్ సగటు రేఖాంశం) − (ప్లూటో పరిహేళి రేఖాంశం)

గుణకాలు చూడండి: 3 − 2 − 1 = 0. ఎప్పుడూ సున్నా రావాలి. మనం ఏ దిక్కును సున్నా డిగ్రీలుగా పెట్టుకున్నా ఫలితం మారకూడదు కదా, అందుకు. ఇదే పద్ధతిలో 2:1కు 2, −1, −1. 7:4కు 7, −4, −3.

దీని అర్థం ఏమిటో తెలియకుండా ముందుకు పోవద్దు. నెప్ట్యూన్, ప్లూటో సూర్యుడికి ఒకే వైపు ఒకే వరుసలోకి వచ్చాయనుకోండి. ఆ క్షణాన ఇద్దరి రేఖాంశమూ ఒకటే. 3 రెట్లలోంచి 2 రెట్లు పోతే ఒకటి మిగులుతుంది, అందులోంచి పరిహేళి రేఖాంశం తీసేస్తాం. అంటే ఈ కోణం చెప్పేది, ఆ కలయిక ప్లూటో పరిహేళికి ఎన్ని డిగ్రీల అవతల జరుగుతోందనే. విలువ 180 అయితే కలయిక సరిగ్గా ఎదురు కొసన, అపహేళి దగ్గర జరుగుతుంది. ప్లూటో అక్కడ 49 యూనిట్ల దూరంలో ఉంటుంది, నెప్ట్యూన్ 30 దగ్గర. మధ్యలో 19 యూనిట్ల ఖాళీ. విలువ 0 అయితే మాత్రం ప్లూటో నెప్ట్యూన్ దారి మీదికొచ్చే చోటే కలయిక.

4. ఒకసారి చేత్తో వేసి చూడండి

2000 జనవరి 1 నాటి జేపీఎల్ సగటు విలువలు ఇవి. ప్లూటో సగటు రేఖాంశం 238.93 డిగ్రీలు. నెప్ట్యూన్‌ది 304.88. ప్లూటో పరిహేళి రేఖాంశం 224.07.

3 × 238.93 = 716.79. 2 × 304.88 = 609.76. తీసేస్తే 107.03. అందులోంచి 224.07 తీసేస్తే −117.04. దానికి 360 కలిపితే 242.96.

అంటే దాదాపు 243 డిగ్రీలు. 180కి 63 డిగ్రీలు అవతల.

ఇప్పుడు వేగం. ప్లూటో శతాబ్దానికి 145.208 డిగ్రీలు నడుస్తుంది, నెప్ట్యూన్ 218.459. వీటిని భాగిస్తే 1.5045 వస్తుంది. సరిగ్గా 1.5 కాదు! ఇక్కడే చాలామంది తికమకపడతారు. అనునాదంలో ఉన్న వస్తువు నిష్పత్తి ఎప్పుడూ ఖచ్చితంగా 1.5 దగ్గర కూర్చోదు, దాని చుట్టూ ఊగుతుంది. ఈ అంకెల్నే సూత్రంలో పెడితే అనునాద కోణం ప్రస్తుతం శతాబ్దానికి సుమారు 1.25 డిగ్రీల చొప్పున తగ్గుతోందని తేలుతుంది. ఇదే వేగంతో అలాగే పోతే దాదాపు 29 వేల ఏళ్లలో పూర్తి చుట్టు తిరిగేయాలి. తిరుగుతుందా, మధ్యలో వెనక్కి మళ్లుతుందా? చేతి లెక్క ఇంతవరకే చెప్పగలదు.

కంప్యూటర్ తెరిచేముందు ఇంకొక్క సరిచూపు. ప్లూటో పరిహేళి 1989 సెప్టెంబర్ 5న. ఆ రోజున దాని సగటు రేఖాంశం, పరిహేళి రేఖాంశం ఒకటే, 224. నెప్ట్యూన్ అప్పటికి సుమారు 282 డిగ్రీల దగ్గర ఉంది. అంటే 58 డిగ్రీలు ముందు. దానికి పదకొండు రోజుల ముందే, ఆగస్టు 25న, వాయేజర్ 2 నెప్ట్యూన్ పక్కనుంచి దూసుకుపోయింది. ప్లూటో తన దారిలో నెప్ట్యూన్ కంటే లోపలికి వచ్చిన ఆ రోజుల్లో నెప్ట్యూన్ అక్కడ లేదు, ఆకాశంలో ఇంకో మూల ఉంది. ఈ చిన్న లెక్క మొదటిసారి సరిగ్గా కుదిరినప్పుడు నేను పెన్ను కింద పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మధ్యలో ఒక మాట: కోణాన్ని వెనక్కి లాగేది ఎవరు?

కలయిక సుమారు 490 ఏళ్లకోసారి జరుగుతుంది. ఒకసారి అది అపహేళి దాటాక జరిగిందనుకుందాం. ప్లూటో అప్పటికే లోపలికి రావడం మొదలుపెట్టింది, కాబట్టి కలయికకు ముందుకంటే తర్వాతే రెండూ ఎక్కువ దగ్గరగా ఉంటాయి. కలయిక అయ్యాక వేగంగా పోయే నెప్ట్యూన్ ముందుంటుంది. అంటే మొత్తం మీద అది ప్లూటోను ముందుకు లాగుతుంది.

ముందుకు లాగితే ప్లూటో తొందరగా పోతుందనుకుంటాం. జరిగేది దానికి రివర్స్. శక్తి పెరిగి కక్ష్య పెద్దదవుతుంది, పెద్ద కక్ష్యలో చుట్టు తిరగడానికి ఎక్కువ కాలం పడుతుంది. ప్లూటో నెమ్మదించడంతో నెప్ట్యూన్ దాన్ని ఇంకాస్త ముందే అందుకుంటుంది. అంటే తర్వాతి కలయిక అపహేళి వైపు వెనక్కి జరుగుతుంది. అపహేళికి ముందే కలిస్తే ఇదంతా తిరగబడి, కలయిక ముందుకు జరుగుతుంది. ఊయలను ఎటు తోసినా మధ్యకే వచ్చినట్టు. అయితే మధ్యలో ఆగదు, అవతలికి పోయి మళ్లీ వస్తుంది. ఢీకొట్టాల్సిన నెప్ట్యూనే ప్లూటోను కాపాడుతోందన్నమాట.

5. సిమ్యులేషన్ నడపడం

రీబౌండ్‌లో సూర్యుడు, గురువు, శని, యురేనస్, నెప్ట్యూన్, ఆపైన మీ వస్తువు. ఈ ఆరు చాలు. బుధుడి నుంచి కుజుడి దాకా ఉన్న నాలుగు గ్రహాల బరువును సూర్యుడికే కలిపేయండి. మీ వస్తువు బరువు సున్నా పెట్టవచ్చు, అది నెప్ట్యూన్‌ను కదిలించేంతది కాదు.

ప్లూటోను అడిగేటప్పుడు ప్లూటో వ్యవస్థ ద్రవ్యరాశి కేంద్రాన్ని అడగండి, ఒట్టి ప్లూటోను కాదు. షారోన్ అనే పెద్ద చందమామతో కలిసి ప్లూటో 6.4 రోజులకోసారి గిరగిరా తిరుగుతుంటుంది. ఆ తిరుగుడు వేగం సెకనుకు సుమారు 24 మీటర్లు. అది కూడా కక్ష్య వేగంలో కలిసిపోతే దూరం, ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే అంకె, గుండ్రటి కక్ష్యకు 0) రెండూ చెడతాయి. నేను మొదట ఈ తప్పే చేశాను. ఊపు వెడల్పు ఎంతకీ సరిపోక రెండు రోజులు టెన్షన్ పడ్డాక గానీ కారణం దొరకలేదు.

లెక్క అడుగు అర ఏడాది పెట్టండి. గురుగ్రహానికి చుట్టు 11.86 ఏళ్లు కాబట్టి ఒక్కో చుట్టుకు ఇరవై పైచిలుకు అడుగులు పడతాయి, సరిపోతుంది. లెక్క పద్ధతిగా రీబౌండ్‌లోనే ఉన్న డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ ఎంచుకోండి. మొదటి పరుగు 1 లక్ష ఏళ్లు, ప్రతి 100 ఏళ్లకు ఒకసారి మూడు కోణాలూ రాసుకునేలా. టీ పెట్టుకుని వచ్చేలోపు అయిపోతుంది.

1965లో అమెరికాలోని డాల్‌గ్రెన్ నౌకాదళ ప్రయోగశాలలో కోహెన్, హబ్బర్డ్ ఇదే పని 1 లక్షా 20 వేల ఏళ్లకు చేశారు. ప్లూటో అనునాదం ప్రపంచానికి తెలిసింది అలాగే. అప్పటికి ప్లూటో కంటపడి 35 ఏళ్లే. ఇప్పటికీ అది కనుక్కున్న చోటికి తిరిగి రాలేదు, ఒక చుట్టు పూర్తయ్యేది 2178లో.

కోడ్‌లో రెండుచోట్ల తప్పులు దొర్లుతుంటాయి. రీబౌండ్ కోణాలను రేడియన్లలో ఇస్తుంది, డిగ్రీలలోకి మార్చండి. ఆపైన విలువను 0 నుంచి 360 మధ్యకు చుట్టండి. ఇంకోటి, సగటు రేఖాంశం బదులు నిజ రేఖాంశం (వస్తువు ఆ క్షణాన నిజంగా ఉన్న దిక్కు) వాడితే గ్రాఫ్ మీద అనవసరమైన నురగలాంటి గజిబిజి వస్తుంది.

6. గ్రాఫ్ చదవడం

అడ్డంగా కాలం, నిలువుగా కోణం, చుక్కలు మాత్రమే పెట్టండి. గీతలు కలిపితే 360 నుంచి 0కి దూకేచోట అడ్డదిడ్డంగా గీతలు పడి బొమ్మ పాడవుతుంది.

ప్లూటోకు అందమైన అల వస్తుంది. 180 చుట్టూ, రెండు వైపులా 80 డిగ్రీలకు పైగా. ఒక పూర్తి ఊపుకు దాదాపు 20 వేల ఏళ్లు, అంటే సుమారు 40 కలయికలు. 0 దగ్గర, 360 దగ్గర గ్రాఫ్ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీయే అనునాదానికి సాక్ష్యం. చుక్కలు ఎక్కడ ఉన్నాయో కంటే ఎక్కడ లేవో చూడండి.

ఇప్పుడు నెప్ట్యూన్ బరువు సున్నా చేసి మళ్లీ నడపండి. కోణం ఒకే వైపు జారిపోయి గ్రాఫ్ అంతా నిండిపోతుంది. ఇది తప్పకుండా చేయండి, నెప్ట్యూన్ చేయి లేకపోతే ఏమయ్యేదో కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత క్వావార్. సగటు దూరం 43.7, చుట్టు దాదాపు 289 ఏళ్లు. నెప్ట్యూన్ 164.8తో భాగిస్తే 1.75 వచ్చేస్తుంది. కాగితం మీద అచ్చం 7:4. కోణం కట్టి నడిపితే మాత్రం అది ఊగదు, తిరుగుతుంది. క్వావార్ కక్ష్య దాదాపు గుండ్రం, ఉత్కేంద్రత 0.04 దరిదాపుల్లోనే. 7:4 లాంటి బలహీన అనునాదానికి, అంత గుండ్రటి కక్ష్య మీద, పట్టుకునే చోటు సన్నటి చీలికంతే ఉంటుంది. నిష్పత్తి చూసి మోసపోవద్దని మొదట్లో అన్నది దీన్ని చూసే.

2:1 వస్తువులు తీసుకున్నప్పుడు 180 చుట్టూ ఊగకపోయినా కంగారుపడకండి. ఆ అనునాదంలో 180కి ఒక పక్కకు మాత్రమే ఊగే వస్తువులు చాలా ఉంటాయి. ఊగడమే ముఖ్యం, ఎక్కడ ఊగుతోందన్నది తర్వాత.

7. మూడుసార్లు, కోటి ఏళ్లు

1 లక్ష ఏళ్లు ఊగినంత మాత్రాన తీర్పు చెప్పేయకూడదు. కొన్ని వస్తువులు కొంతకాలం అతుక్కుని, విడిపోయి, మళ్లీ అతుక్కుంటాయి. హౌమియాకు 12:7తో ఉన్న సంబంధం అలా వచ్చిపోయే బాపతే. అందుకని పరిశోధకులు 1 కోటి ఏళ్లు నడుపుతారు. మీరూ నడపండి, వెయ్యేళ్లకో చుక్క చాలు.

ఒక్క పరుగు కాదు, మూడు. డేటాబేస్ ఇచ్చిన మధ్య విలువతో ఒకటి, అనిశ్చితి మేరకు దూరాన్ని పెంచి ఒకటి, తగ్గించి ఒకటి. మూడూ ఊగితే అనునాదం ఖాయం. ఒకటి తిరిగినా "ఇంకా పరిశీలన కావాలి" అని రాసుకుని పక్కన పెట్టండి.

8. రెండో తాళం

కోటి ఏళ్ల పరుగు చేతికొచ్చాక ప్లూటో విషయంలో ఇంకోటి చూడవచ్చు. పరిహేళి రేఖాంశంలోంచి ఆరోహణ బిందువు (ప్లూటో గ్రహాల తలాన్ని కింది నుంచి పైకి దాటే చోటు) రేఖాంశం తీసేయండి: 224.07 − 110.30 = 113.77. ఇది కూడా తిరగదు, 90 డిగ్రీల చుట్టూ సుమారు 38 లక్షల ఏళ్లకోసారి ఊగుతుంది.

దీనివల్ల ప్లూటో సూర్యుడికి దగ్గరయ్యే ప్రతిసారీ గ్రహాల తలానికి బాగా ఎగువన ఉంటుంది. ఎంత ఎగువన? పరిహేళి దూరం 29.66, వాలు 17.14 డిగ్రీలు. 29.66 × సైన్ 113.77 × సైన్ 17.14 వేయండి, 8 యూనిట్లు వస్తుంది. సూర్యుడికి, గురుగ్రహానికి మధ్య దూరం కంటే ఎక్కువ ఎత్తు! పైనుంచి గీసిన బొమ్మల్లో దారులు దాటుతున్నట్టు కనబడటం బొమ్మ తప్పే.

9. కోణం నుంచి చరిత్రకు

ఇంతకీ ప్లూటో ఈ ఊయలలోకి ఎలా ఎక్కింది? 1993లో దీనికి జవాబిచ్చింది రేణు మల్హోత్రా. ఢిల్లీలో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగి, ఐఐటీ ఢిల్లీలో చదివి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త. మన ఊళ్లో పెరిగిన అమ్మాయి ప్లూటో పుట్టుపూర్వోత్తరాలు విప్పిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. సౌరకుటుంబం తొలి రోజుల్లో నెప్ట్యూన్ ఇప్పటికంటే సూర్యుడికి దగ్గరగా ఉండేదనీ, లెక్కలేనన్ని చిన్న మంచు ముద్దల్ని విసిరేస్తూ తాను బయటికి జరిగిందనీ, ఆ దారిలో ప్లూటోను 3:2లో పట్టుకుని ముందుకు నెట్టుకుపోయిందనీ ఆమె చూపించారు. నెట్టుకుపోయేకొద్దీ ప్లూటో కక్ష్య సాగుతూ వచ్చింది. అలా పట్టుబడ్డవి ఇంకా ఉండాలని కూడా అన్నారు. ప్లూటినోలు ఒకటొకటిగా దొరకడం ఆ తర్వాతి కథ.

ఆ లెక్క మీరూ వేయవచ్చు. మొదట గుండ్రంగా ఉన్న కక్ష్య 3:2లో పట్టుబడితే, ఇప్పటి ఉత్కేంద్రత వర్గానికి 3 రెట్లు తీసుకోండి. దాన్ని సహజ సంవర్గమానాల ఆధార సంఖ్య 'ఈ' మీద ఘాతంగా పెడితే నెప్ట్యూన్ ఎన్ని రెట్లు బయటికి జరిగిందో వస్తుంది. ప్లూటోకు 0.25. వర్గం 0.0625, మూడు రెట్లు 0.1875, ఘాతం వేస్తే 1.206. 30.07ను దానితో భాగిస్తే 24.9. ప్లూటోను పట్టుకున్న రోజున నెప్ట్యూన్ సుమారు 25 యూనిట్ల దగ్గర ఉంది. అక్కడి నుంచి 5 యూనిట్లు నడిచి వచ్చింది.

ఆర్కస్ ఉత్కేంద్రత సుమారు 0.22. ఇదే లెక్క వేస్తే 26 వస్తుంది. ఆర్కస్ కూడా ప్లూటోలాగే 3:2లో ఉంది, కానీ ప్లూటో 1989లో పరిహేళి దగ్గర ఉంటే ఆర్కస్ ఈమధ్యే, 2019 ప్రాంతంలో, అపహేళి దాటింది. ఇద్దరినీ ఒకే గ్రాఫ్ మీద వేయండి, సూర్యుడి నుంచి దూరం నిలువుగా, గత 500 ఏళ్లు అడ్డంగా. ఒకటి లోపలికి వస్తున్నప్పుడు రెండోది బయటికి పోతుంటుంది.